జీవరత్నం బండి కుదుపు

మా బావ జీవరత్నం "రండి, బండిలో దింపేస్తాను" అంటే నౌపడలో జనం దణ్ణం పెట్టి నడిచే పోయేవారు. ఉప్పు మడుల నుంచి జంక్షన్ దాకా ఆ చిన్న పికప్ వ్యానులో వచ్చినవాడికి దిగేసరికి నడుం ఉందో లేదో తడిమి చూసుకోవలసి వచ్చేది. ఒకసారి మా పాస్టరుగారు మొహమాటానికి ఎక్కి, ఆ ఆదివారం మోకరించలేక ప్రార్థనంతా నిలబడే కానిచ్చారు. బావకి అది నామోషీగా కూడా ఉండేది కాదు.

"ఉప్పు మొయ్యడానికి కొన్నాను గానీ మిమ్మల్ని ఊరేగించడానికేటి?" అనేవాడు.

అతనన్నదాంట్లో తప్పు లేదు. వెనక చక్రాల మీద బరువునాపేవి కమాన్ కట్టలు. ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. మా దగ్గర ఉప్పు తోలేవాళ్ళందరూ ఆ కట్టలో ఇంకో మోటు పట్టీ వేయిస్తారు. బస్తాలు ఎన్ని వేసినా బండి కుంగదు. బస్తాలు దింపేశాక మాత్రం ఆ కట్ట వంగదు, రోడ్డు మీద ఉన్న ప్రతి రాయినీ తెచ్చి మన వెన్నులో పెడుతుంది. ఉప్పు నీరు కారి ఇనుము తినేయకుండా ఆ కట్టకి గోనెపట్టా చుట్టి, వాడేసిన ఇంజనాయిలు పోసి, తాడుతో బిగించి కడతారు. అందుకే నౌపడ బండి ఏదో వెనక నుంచి చూసి చెప్పేయొచ్చు, కాళ్ళకి కట్లు కట్టుకున్న ముసలిదానిలా ఉంటుంది.

నేను జంక్షన్లో పంక్చర్లు వేసే విక్టర్ని. జీవరత్నం పెళ్ళాం స్వర్ణ మా అక్క. నాకు ముక్కు మీదే కోపమని ఊరంతా అంటుంది, అననీండి. ఈ సంగతి చెబుతుంటే ఆ కోపం ఎలాగూ బయటపడుతుంది.

బావ ఉప్పులో పుట్టిన మనిషి. తండ్రి మడుల్లో ఉప్పు లాగేవాడు. బావ మీసాలు రాకముందే కావిడి భుజానికెత్తుకున్నాడు. ఆ భుజం మీద కాసిన కాయ ఇప్పటికీ చొక్కా లోంచి తెలుస్తుంది. అక్క కూడా ఆ మడుల్లోనే పని చేసేది. మిట్టమధ్యాహ్నం ఉప్పు కుప్పల తెల్లదనానికి అందరూ కళ్ళు చికిలిస్తుంటే తను మాత్రం పాటలు పాడేది. చర్చిలో పాట ఎత్తుకోవాలంటే స్వర్ణే ఎత్తుకోవాలి. పిల్లలు కలగలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే బావ బండి తుడుచుకోవడానికి వెళ్ళిపోయేవాడు. మనసులో మాట చెప్పడం అతనికి రాదు. ఏది వచ్చినా చేతుల్లోంచి రావాలి.

అక్కకి కాళ్ళు వాచాయి. ముందు ఎండ అనుకున్నాం, తర్వాత నీరసం అనుకున్నాం. మొహం కూడా వాచాక టెక్కలి ఆసుపత్రికి తీసుకెళితే మూత్రపిండాలు రెండూ పోయాయన్నారు. మా వైపు ఈ జబ్బు తెలియని వాడ లేదు. ఎందుకొస్తోందో తేల్చడానికి పెద్ద పెద్దవాళ్ళు కార్లేసుకొచ్చి మా నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. వాళ్ళకేం తెలిసిందో మాకు తెలియదు. మాకు తెలిసిందల్లా ఒకటే, ఇకనుంచి అక్క రోజు విడిచి రోజు టెక్కలి వెళ్ళి రక్తం కడిగించుకోవాలి, మానితే మనిషి ఉండదు.

మొదట్లో ఆటోలో తీసుకెళ్ళాం. షేర్ ఆటోలో సీటు అంచున కూర్చోబెట్టి తీసుకెళ్ళే మనిషా ఆమె? వచ్చేటప్పుడు తల తిరుగుతుంది, పడుకోవాలి. అందుకని బావ వ్యానే దిక్కయింది. మా వాడ నుంచి రైలు గేటు దాకా ఉన్న దారిని ఉప్పు లారీలు ఏనాడో తినేశాయి. ఆ జబ్బులో ఎముకలు గుల్లబారతాయట. ఒక్కో గోతికీ అక్క పళ్ళు బిగపట్టేది, కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారేవి. గేటు దగ్గర పట్టాలు దాటేటప్పుడు మాత్రం ఆగలేక కేక పెట్టేది.

ఒక రోజు బండి దిగి గుమ్మంలోనే కూలబడి అంది, "మావా, నానింక ఎల్లను. ఇంటి కాడే సచ్చిపోతాను గానీ ఆ బండి మాత్రం ఎక్కించకు."

"ఊరుకోయే, పిచ్చి మాటలు మాటాడకు," అని నేను కసిరాను.

"నీకేటిరా, నీ ఎముకలు కావు కదా. కడిగించుకున్న సుఖం కన్నా ఎల్లొచ్చిన బాధ ఎక్కువున్నాది."

అలా అని ఊరుకోలేదు, తర్వాతి వంతుకి నిజంగానే ఎక్కలేదు. తలుపు గడియ పెట్టుకుంది. నేను బయటి నుంచి అరిచాను, తిట్టాను, చివరికి ఏడ్చాను కూడా. బావ మాత్రం రెంచీలు పట్టుకుని బండి కిందకి దూరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం లోపల చస్తానని కూర్చుంటే వీడు బోల్టులు విప్పుకుంటున్నాడేంటని అతని కాలు పట్టి బయటకి లాగాను.

"ఒరే, వదులు," అన్నాడు. "ఎల్లనన్నది ఆసుపత్రికి కాదు. బండిలో ఎల్లనంది. బండి మారిస్తే ఎల్తాది."

ఆ రోజే నరసింగరావు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. టెక్కలిలో కమాన్ పనికి అతని షెడ్డుకే వెళ్ళాలి. మోటు పట్టీ తీసేయమని బావ అంటే మేస్త్రీ నమ్మలేదు.

"రత్నం, ఈ పట్టీ ఎయ్యమని నా పేనం తీసినోడివి నువ్వే కదేటి? ఇది తీసేస్తే మునపట్లా లోడెయ్యడానికి అవ్వదు మరి."

"తక్కువేసుకుంటాను. ఇంకో ట్రిప్పు తోలుకుంటాను. మా ఇంటిదాన్ని పడుకోబెట్టి తేవాలి మేస్త్రీ. మెత్తగుండాలి."

మేస్త్రీ పనిలోకి దిగాడు. మోటు పట్టీ తీశాడు, పట్టీల మధ్య గ్రీజు పెట్టాడు, అరిగిపోయిన బుష్‌లు మార్చాడు, కొత్త షాక్‌లు బిగించాడు. నేను టైర్లలో గాలి తగ్గించాను. పట్టీ తీసిన కట్టకి బావ మళ్ళీ గోనెపట్టా చుట్టి ఆయిలు పోశాడు. ఖాళీ బండి తోలి చూస్తే మునుపటంత లేదు గానీ, ఇంకా ఎగురుతూనే ఉంది.

"ఎగరదేటి మరి?" అన్నాడు మేస్త్రీ. "మొయ్యడానికి పుట్టిన బండది. ఎనక బరువుంటే కమాన్ కొంచెం వంగి ఊగుతాది, నేకపోతే గెంతుతాది. ఇసక బస్తాలు నాలుగేసుకో. ఆవిడని కేబిన్‌కి ఆనించి పడుకోబెట్టు, ఇరుసు మీద మాత్రం ఒద్దు."

ఇసుక అన్నాడు మేస్త్రీ. బావ ఉప్పు వేశాడు. నౌపడలో ఎవడైనా అదే చేస్తాడు. ఇసుక కోసం ఏటికి పోవాలి, ఉప్పు గుమ్మం ముందే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ మోసిన బరువది. బస్తా ఎలా వేస్తే ఎలా సర్దుకుంటుందో బావ చేతికి తెలుసు. వాటిని కాలితో తొక్కి చదును చేసి, పైన బొంతలు పరిచి, టార్పాలిన్‌తో గూడు కట్టాడు. అక్క బయటకి వచ్చి ఆ బొంతలని చేత్తో నొక్కి చూసింది.

"డాక్టరు ఉప్పు తినొద్దన్నాడు గానీ, దాని మీద పడుకోవద్దని సెప్పనేదు కదా," అంది. అందరం నవ్వాం. తను ఎక్కింది.

గేటు దాటాక బావ బండి పక్కకి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి అరిచాడు. "ఎలాగున్నాది స్వర్ణా?"

"బాగున్నాది మావా. కుదుపు తెల్డం నేదు."

అతని మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అప్పటి నుంచి అదే అలవాటైంది. గేటు దాటడం, బండి ఆపడం, అడగడం. ఆమె అదే మాట చెప్పడం. ఇంటికొచ్చాక మళ్ళీ బండి కిందకి దూరేవాడు. ఒక రోజు కమాన్ కట్టని బండికి తగిలించే షాకిలు బుష్ అనేవాడు, ఒక రోజు బోల్టు వదులు అనేవాడు. చర్చికి రావడం కూడా తగ్గించాడు. పాస్టరుగారు అడిగితే, "దేవుడు బండి కిందకే వస్తన్నాడండి" అని ఆయన నోరు మూయించాడు. అతను పాస్టరుగారికి ఎదురు చెప్పడం నాకు తెలిసి అదే మొదటిసారి.

వానలు మొదలవుతున్న రోజుల్లో ఆసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చున్నాం, అక్కా నేనూ. బావ బయట టైర్లు తడుముతున్నాడు. నేను ఏదో మాట కలపాలని, "పోన్లే అక్కా, బండి బాగుపడింది" అన్నాను.

అక్క నా వైపు చూసి నవ్వింది. "ఏటి బాగుపడింది? అప్పుడెంతో ఇప్పుడూ అంతే. గేటు కాడ పేనం పోతాది."

నేను ఆమె వైపు తిరిగాను. "మరి ఆ బాగుందనడం?"

"ఏటి సెప్పమంటావురా? ఆ మనిషి బండి కింద దొర్లుతన్నాడు. మట్టి కొట్టుకుపోయి పైకి లెగిసి అడుగుతాడు, ఎలాగున్నాదని. నేదు, మళ్ళీ దూరు అని సెప్పనా? నా కోసం అంత సేసినోడు ఎవుడున్నాడు? నొప్పి ఎముకల్లో ఉన్నాది, కమాన్లో కాదు. ఆయనకి తెలీదు."

"అయితే ఎందుకొస్తన్నావు?"

"నాను ఎక్కకపోతే ఆయనేటి సేస్తాడు?" అంది. తర్వాత నా మోచెయ్యి గట్టిగా గిల్లి, "సెప్పేవంటే సంపేస్తాను" అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అక్క మీదా, బావ మీదా, ఆ గోతుల దారి మీదా, సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళిన వాళ్ళ మీదా. బయటకి వెళ్ళి ఊరికే ఒక ఆటోవాడితో పార్కింగ్ గురించి గొడవ పెట్టుకుని తిరిగొచ్చాను. బావతో మాత్రం ఆ మాట అనలేదు.

వానలు ముదిరాయి. ఉప్పు బస్తాలు చెమ్మ పీల్చి కారడం మొదలుపెట్టాయి. పూర్వం లోడు ఎక్కించిన ఉప్పు కొఠారు నుంచి యార్డు దాకానే బండి మీద ఉండేది. ఇప్పుడు ఈ బస్తాలు పగలూ రాత్రీ దాని మీదే ఉన్నాయి. ఉప్పు నీరు బాడీ అతుకుల్లోంచి చుక్క చుక్కగా కిందికి దిగి సరిగ్గా కమాన్ కట్ట మీద పడేది. పైన గోనెపట్టా ఉంది కదా అని బావకి ధీమా. ఒకసారి నరసింగరావు మేస్త్రీ వంగి చూసి, పట్టా తడిసి ముద్దయిందని, విప్పి చూద్దామని అన్నాడు.

"బండి కొన్నకాడ్నుంచీ కడతన్నాను మేస్త్రీ. ఉప్పు సంగతి నువ్వు నాకు సెప్తావేటి?" అని బావ మరికాస్త ఆయిలు పోసి పట్టా బిగించాడు. ఆ పట్టా ఉప్పు నీటిని బయట ఆపడం లేదు, లోపలే పట్టి ఉంచుతోంది. ఆ సంగతి నాకూ తట్టలేదు. నేనూ ఆ ఊరివాడినే కదా.

ఆ రోజు పొద్దున్న జోరున వాన. గేటు దగ్గర రైలు పట్టాల మీదకి చక్రం ఎక్కడమూ, తుపాకీ పేలినట్టు చప్పుడు అవడమూ ఒకేసారి జరిగాయి. బండి ఎడమ వైపుకి కూలబడింది. టైరు బాడీకి ఒరుసుకుని ఆగిపోయింది. వెనక పక్కనే కూర్చున్న నేను అక్కని రెండు చేతులతో పట్టుకున్నాను. బస్తాలు జారి ఆమె కాళ్ళ మీదకి వచ్చాయి. గేటుమన్ అరుస్తున్నాడు. నలుగురూ కలిసి బండిని పట్టాల మీద నుంచి నెట్టారు.

బావ కేబిన్ దిగి వానలో వెనక్కి పరుగెత్తుకొచ్చి టార్పాలిన్ ఎత్తాడు. అతను అడిగేలోపే ఆమే చెప్పింది. "నాకేటీ అవ్వనేదు మావా. నువ్వు కంగారు పడకు."

ఆటో దొరకడానికి ఆలస్యమైంది. వాన నీళ్ళలో ఆ ఆటో ఈడ్చుకుంటూ వెళ్ళింది. దారిలో అక్కకి ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో వాళ్ళు వెంటనే మెషీను మీద పెట్టారు, పాపం వాళ్ళననకూడదు. తర్వాత కూడా ఆయాసం తగ్గకపోతే అక్కడే ఉంచేశారు. గుండె బాగా బలహీనపడిందని, ఎప్పటి నుంచో అలాగే ఉందని డాక్టరమ్మ నాకు విడిగా చెప్పింది.

బావ మరునాడు మేస్త్రీ షెడ్డుకి వెళ్ళాడు. ఆమెని ఇంటికి తెచ్చేసరికి బండి సిద్ధంగా ఉండాలని అతని పట్టుదల. అక్క మంచం పక్కన నేను కూర్చున్నాను. మధ్యాహ్నం వేళ ఆమె చల్లగా ఉన్న చేత్తో నా చెయ్యి పట్టుకుని ఏదో పాట మొదలుపెట్టింది. గొంతు రాలేదు. పెదాలు కదిలాయి, తర్వాత అవి కూడా ఆగిపోయాయి.

నేను షెడ్డుకి పరుగెత్తాను. బావ బండి కింద ఉన్నాడు. మేస్త్రీ నా మొహం చూసి రెంచీ కింద పెట్టేశాడు. పక్కనే నేల మీద విప్పేసిన పాత కట్ట ఉంది. కోసి పారేసిన గోనెపట్టాలోంచి తుప్పు నీళ్ళు ఎర్రగా కారుతున్నాయి. పెద్ద పట్టీ విరిగిన చోట సగం దాకా నల్లగా ఉంది. అంటే అది ఎప్పుడో చిట్లింది. దాని మీదే ఇన్నాళ్ళూ ఆమెని తిప్పాడు. నేను చెప్పకముందే బావ ఆ ముక్క చేతిలోకి తీసుకుని బయటకి వచ్చాడు.

"ఒరే విక్టరూ, ఉప్పు ఏసింది నానే కదురా. ఇసకే ఎయ్యమన్నాడు మేస్త్రీ. ఇది ఇరగకపోతే అది బతికేది," అన్నాడు.

అప్పుడు రెండు మాటలు నా నాలుక చివర దాకా వచ్చాయి. నీ కమాన్ విరగడం వల్ల కాదు బావా, గుండె ఏనాడో పోయింది అని చెప్పాను. అతను చెవిన పెట్టలేదు. ఇంకో మాట మిగిలింది. నువ్వు మెత్తగా చేసిందేమీ లేదు, అది మెత్తగా ఉందని అక్క అబద్ధం చెప్పింది అనే మాట. అది చెబితే అతని తప్పు కొంత తేలికవుతుందేమో. కానీ అతను ఆ బండి కింద గడిపిన రోజులన్నీ కూడా దాంతోపాటే పోతాయి. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను కష్టపడి నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

మా సమాధుల తోట టెక్కలి దారిలోనే ఉంది. మరునాడు ఉదయం ప్రార్థన అయ్యాక శవపేటిక వ్యానులోకి ఎక్కిద్దామని చూస్తే వ్యాను లేదు, బావ లేడు. జనం గుసగుసలాడారు. సంఘ పెద్ద ఒకాయన గడియారం చూసుకున్నాడు. పక్కింటి దాలమ్మత్త నోటి మీద కొంగు పెట్టుకుంది. చాలాసేపటికి బండి వచ్చింది. బావ మోకాళ్ళ దాకా తడి. వెనక గోతాల్లో ఇసుక.

"పెట్టె ఎదురుగా పెట్టుకుని ఇసక్కెల్లేవేటయ్యా?" అన్నాడు పెద్దాయన. "ఇప్పుడెందుకివి? దింపీండర్రా."

"ఖాళీ బండి గెంతుతాదండి," అన్నాడు బావ.

"పోయిన మనిషికి కుదుపేటయ్యా?"

నేను ఆయన మీదకి వెళ్ళాను. ఏం అన్నానో నాకు సరిగా గుర్తు లేదు. మర్యాదగా మాత్రం అనలేదు. ఆయన వెనక్కి తగ్గాడు. నేను చొక్కా విప్పేసి బండి ఎక్కి, బావతో కలిసి గోతాలు కాలితో తొక్కి చదును చేశాను. వాటి మీద అవే బొంతలు పరిచాం. పెట్టెని కేబిన్‌కి ఆనించి పెట్టాం, ఇరుసు మీదకి రాకుండా. బావ దిగి కొత్త కమాన్ కట్ట ఒకసారి తడిమి చూశాడు. దానికి పట్టా చుట్టలేదు.

నేను పెట్టె పక్కన కూర్చున్నాను. జనం వెనక నడుస్తున్నారు. బండి నడక వేగంతో, ఒక్కో గోతినీ తప్పించుకుంటూ, తప్పించలేని చోట చక్రాన్ని నెమ్మదిగా దింపి ఎక్కిస్తూ పోయింది. గేటు దగ్గర పట్టాలు దాటింది. పెట్టె చిన్నగా గుద్దుకుంది. నా చెయ్యి దాని మీదే ఉంది.

గేటు దాటాక బండి పక్కకి ఆగింది. వెనక నడిచేవాళ్ళు ఎందుకో తెలియక ఆగిపోయారు. బావ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. నన్ను కాదు, నా పక్కకి.

"ఎలాగున్నాది?" అన్నాడు.

అతను చూస్తూనే ఉన్నాడు. జవాబు వచ్చేదాకా బండి కదలదని నాకు తెలుసు.

"బాగున్నాది బావా," అన్నాను. "కుదుపు తెల్డం నేదు."

అతను తల ఊపి గేరు వేశాడు.